మార్ఫిన్ రాశారు, షాపుల్లో లేదు. ఓనరేమో ఇంట్లో వద్దంటున్నాడు. హాస్పిసా, హోంకేరా?

#1 బోడుప్పల్_కిరాయిదారు
నాన్నకు 66. దవడ క్యాన్సర్. ఆపరేషన్, రేడియేషన్ రెండూ అయినయ్, మళ్లొచ్చింది. ఇగ కీమో ఇచ్చినా లాభం లేదు, ఇంటికి తీస్కపొమ్మన్నరు. చెంప మీద పుండు బయటికి తేలింది, వాసన వస్తుంది. ముక్కులో గొట్టం ఉంది, తిండి, మందులు అన్నీ దాన్నుంచే. ట్రమడాల్ 50 నొప్పి గోలీలు రోజుకు నాలుగు పడుతున్నయ్, అయినా నిద్ర లేదు. ఇగ నొప్పికి మార్ఫిన్ 10 ఎంజీ రాసిచ్చిన్రు. ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ దాకా ఏ మెడికల్ షాపులో అడిగినా లేదు, చీటీ చూసి నన్నే అనుమానంగ చూస్తున్నరు.
ఓనర్ అంకులేమో "ఏమన్నా అయ్యేటట్టుంటే ముందే దవాఖానకు తీస్కపో, ఇంట్లో మాత్రం వద్దు" అని మొహం మీదే చెప్పిండు.
మార్ఫిన్ యాడ దొరుకుతది? హాస్పిస్‌ల (నయం కాని జబ్బులోళ్లను ఉంచుకొని చూసే కాడ) వెయ్యాల్నా, ఇంటికొచ్చి చూసేటోళ్లుంటరా? పుండు వాసనకు ఏం చెయ్యాలె? తెలిసినోళ్లు చెప్పున్రి.

#2 ఫార్మసీ_కౌంటర్
షాపులు తిరగడం ఆపెయ్ అన్నా. మార్ఫిన్ ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల నియంత్రణ చట్టం) కింద వచ్చే మందు. స్టాకు పెట్టాలంటే అనుమతి కావాలి, బీరువాకు తాళం కావాలి, ఒక్కో గోలీకి రిజిస్టర్లో లెక్క రాయాలి. నెలకు రెండు చీటీలు కూడా రాని మందు కోసం వీధి చివర షాపువాడు ఈ తంటా పడడు. 2014 సవరణకు ముందు ఆస్పత్రులకే నాలుగైదు లైసెన్సులు కావాల్సొచ్చేది. ఇప్పుడు మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్ లాంటి ఆరు మందులను అత్యావశ్యక మత్తుమందులని విడదీసి, రాష్ట్ర డ్రగ్ కంట్రోలర్ గుర్తింపు ఒక్కటుంటే చాలన్నారు. ఆ గుర్తింపున్న ఆస్పత్రి ఫార్మసీలోనే అడగాలి. మీకు దగ్గర్లో అంటే రెడ్‌హిల్స్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ (నయం కాని జబ్బులో నొప్పి, బాధ తగ్గించే వైద్యం) ఓపీ.
వెళ్లేటప్పుడు బయాప్సీ రిపోర్టు, ఆఖరి డిశ్చార్జి సమ్మరీ, పేషెంటుదీ మీదీ ఆధార్ కాపీలు పట్టుకెళ్లండి. మొదటిసారి పేషెంటును చూపించమంటారు. మంచం దిగలేని మనిషైతే ఆ సంగతి ముందే చెప్పి, ఫోన్లో రెండు ఫొటోలు, ఒక వీడియో పెట్టుకుని వెళ్లండి. తర్వాత నుంచి చీటీ, పాత స్ట్రిప్పులు చూపిస్తే ఇంట్లోవాళ్లకే ఇస్తారు. ఖాళీ స్ట్రిప్పులు పారెయ్యొద్దు.

#3 చుట్టపొగ_సిక్కోలు
ట్రమడాల్‌ని కూడా 2018లో అదే చట్టంలోకి లాగేశారు కదా. ఇప్పుడు దానికీ చీటీ లేందే షాపువాడు మొహం చూడ్డం లేదు. అదే వీధిలో గుట్కాకి మాత్రం చీటీ అక్కర్లేదు, అదీ మన లెక్క.

#4 నొప్పి_డాక్టరు
చీటీ రాసిన డాక్టరుతో మాట్లాడకుండా డోసు మార్చొద్దు. ఇది చదివి ఏం అడగాలో తెలుసుకోండి, అంతవరకే.

ట్రమడాల్ రోజుకు 200 ఎంజీ అంటే నోటి మార్ఫిన్ లెక్కలో సుమారు 20. అందుకే మామూలుగా మార్ఫిన్ 5 ఎంజీతో, అంటే 10 గోలీలో సగంతో మొదలుపెట్టి నాలుగు గంటలకోసారి ఇస్తారు. బాగా చిక్కిపోయినా, వయసు ఎక్కువైనా, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరిగినా 2.5. టైములు 6, 10, 2, 6, 10 అని గోడకు రాసి అంటించండి. రాత్రి 10కి రెట్టింపు డోసు రాస్తారు, తెల్లవారుజామున 2కి లేపకుండా ఉండటానికి. మధ్యలో నొప్పి లేస్తే వేసే అదనపు డోసు, రోజు మొత్తంలో ఆరో వంతు. రోజుకు 30 అయితే 5. వేసిన ప్రతి అదనపు డోసూ టైముతో సహా నోటుబుక్కులో రాయండి. తర్వాత డోసు ఎంత పెంచాలో ఆ బుక్కు చూసే తేలుస్తారు.

మార్ఫిన్ మొదలయ్యాక ట్రమడాల్ ఆపమంటారు, రెండూ కలిపి వేసుకోవద్దు. పారాసెటమాల్ ఉంచొచ్చు.

మీ కేసులో అసలు మెలిక గొట్టం. మామూలు మార్ఫిన్ గోలీ పొడి చేసి నీళ్లలో కలిపి గొట్టంలో వెయ్యొచ్చు. స్ట్రిప్పు మీద ఎస్ఆర్ (మెల్లగా విడుదలయ్యే రకం) అని ఉంటే పొడి చేయనే కూడదు, పన్నెండు గంటల మందు ఒక్కసారిగా ఒంట్లో పడుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు మగత, వికారం ఉండొచ్చు, వాంతికి మందు పక్కనే రాయించుకోండి. ఆ మగతలో ఎక్కువ భాగం ఇన్నాళ్ల నిద్ర బాకీ. పిలిస్తే పలికి మళ్లీ పడుకుంటే ఫరవాలేదు. లేపినా లేవకపోతే, ఊపిరి నిమిషానికి ఎనిమిది కంటే తగ్గితే వెంటనే ఫోను చేయాలి. ఒళ్లు ఉలిక్కిపడినట్టు కండరాలు ఎగరడం, ఒంటేలు తగ్గడం కనిపిస్తే కిడ్నీలు సరిగ్గా పనిచేయక మందు ఒంట్లో పేరుకుంటోందని అనుమానించాలి.

#5 ఆలన_బండి_నర్సు
డాక్టరు గారు మలబద్ధకం మర్చిపోయారు. మేం వెళ్లే ఇళ్లలో మార్ఫిన్ మధ్యలో ఆపేసేది నొప్పి తగ్గలేదని కాదు, ఐదు రోజులు విరేచనం కాక.

#6 నొప్పి_డాక్టరు
@ఆలన_బండి_నర్సు నిజమే. మార్ఫిన్ రాసిన చీటీలోనే విరేచనం మందు ఉండాలి, లేకపోతే అడిగి రాయించుకోండి. మామూలుగా బిసకోడిల్ రాత్రికి రెండు గోలీలు రాస్తాం. కానీ దానికి పైన పూత ఉంటుంది, పొడి చేస్తే పొట్టలో మంట. గొట్టం పేషెంటుకు లాక్టులోజ్, సోడియం పికోసల్ఫేట్ లాంటి సిరప్పులే అడగండి. ఇసబ్‌గోల్ మాత్రం వద్దు. నీళ్లు తక్కువ తాగే మనిషికి అది పేగులో ముద్దకడుతుంది, గొట్టంలో వేస్తే గొట్టమే పూడుతుంది.

#7 మణికొండ_టెకీ
మార్ఫిన్‌కి అలవాటు పడిపోతారంటారు కదా? దానికంటే ఫెంటానిల్ మందు ప్యాచ్ చర్మానికి అంటిస్తే ఈ టైంటేబుల్ గోలే ఉండదు. మా ఆఫీసులో ఒకాయన వాళ్ల అమ్మకి అదే వాడారు.

#8 నొప్పి_డాక్టరు
@మణికొండ_టెకీ నొప్పికి లెక్కగా వాడితే మత్తు కోసం వెంపర్లాడే అలవాటు చాలా అరుదు. డోసు పెరుగుతుంది, జబ్బు పెరుగుతోంది కాబట్టి. ఆపాల్సొస్తే కొంచెం కొంచెంగా తగ్గిస్తాం, అంతే.

ప్యాచ్ సంగతి: 25 మైక్రోగ్రాముల ప్యాచ్ అంటే రోజుకు అరవై, ఆ పైన మార్ఫిన్‌తో సమానం. ఇంతవరకూ మార్ఫినే చూడని ఒంటికి అది మొదటి మెట్టు కాదు. అంటించాక పని మొదలవడానికి పన్నెండు గంటలు పైనే పడుతుంది, తీసేశాక ఒంట్లోంచి పోవడానికీ అంతే. ఈలోపు నొప్పి లేచినా, మగత ఎక్కువైనా చేతిలో పగ్గం ఉండదు. జ్వరం, వేడినీళ్ల కాపడం, మే నెల ఎండ, ఏది తగిలినా మందు ఎక్కువ దిగుతుంది. ఎముకల గూడైన మనిషికి ఎంత దిగుతుందో కూడా చెప్పలేం. నొప్పి ఒక స్థాయిలో కుదిరాక ప్యాచ్‌కి మారొచ్చు, 72 గంటలకోసారి మార్చాలి, కత్తిరించి సగం అంటించకూడదు.

#9 ఫార్మసీ_కౌంటర్
పైగా ప్యాచ్‌కి కూడా అదే లైసెన్సు, ధరేమో గోలీకి ఎన్నో రెట్లు. వాడేసిన ప్యాచ్‌లో ఇంకా మందు ఉంటుంది. జిగురు లోపలికి వచ్చేలా మడిచి, పిల్లలకి అందకుండా పెట్టి, వెనక్కి ఇచ్చెయ్యాలి.

#10 ఆలన_బండి_నర్సు
పుండు గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తా. కొంచెం పొడుగవుతుంది.

వాసన పుండుది కాదు, దాంట్లో చేరిన ఒక రకం బాక్టీరియాది. అగరొత్తులు, సెంటు కొడితే రెండు వాసనలూ కలిసి ఇంకా కడుపులో తిప్పుతుంది. మెట్రోనిడజోల్ గోలీ మెత్తగా పొడి చేసి కడిగిన పుండు మీద చల్లాలి. రోజూ చేస్తే మూడు నాలుగు రోజుల్లో తేడా తెలుస్తుంది. దాంతో తగ్గకపోతే లోపలికి వేసుకునే కోర్సు డాక్టరు రాస్తారు.

కడగడానికి ఉప్పునీళ్లు ఇంట్లోనే చేసుకోవచ్చు. అర లీటరు నీళ్లలో ఒక టీస్పూను ఉప్పు వేసి మరగబెట్టి, చల్లార్చి, మూత పెట్టండి. ఏ పూటకా పూట చేసుకోండి. స్పిరిట్, డెట్టాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఏవీ వద్దు, మంట తప్ప ఒరిగేదేం లేదు. దూది పెట్టొద్దు, పోగులు అతుక్కుంటాయి. పాత కాటన్ పంచె ముక్కలు చేసి, కుక్కర్లో గిన్నెలో పెట్టి ఇరవై నిమిషాలు ఆవిరి పట్టి, ఆరబెట్టి డబ్బాలో దాచుకోండి. గాజుగుడ్డ ఖర్చు తప్పుతుంది. పాత కట్టు ఊడదీసే ముందు ఉప్పునీళ్లు పోసి పది నిమిషాలు నాననివ్వండి. ఎండిన కట్టు పీకితే రక్తం వచ్చేది అక్కడే. కట్టు మార్చడానికి అరగంట ముందు ఒక అదనపు మార్ఫిన్ డోసు వేస్తే మనిషి బిగుసుకోకుండా చేయించుకుంటాడు, అది డాక్టరుతో చెప్పి రాయించుకోండి.

ఈగలు వాలితే పురుగు పడుతుంది. పగలు కూడా దోమతెర కట్టండి. పురుగు కనిపిస్తే కంగారు పడొద్దు, కిరోసిన్, ఫినాయిల్ లాంటివి దగ్గరికి తేవద్దు. మేం టర్పెంటైన్ గుడ్డ అంచున పెట్టి పురుగు పైకి రాగానే పట్టకారుతో తీస్తాం. మీ నాన్నగారి పుండు నోటిలోకి తెరిచి ఉంటే అది కూడా ఇంట్లో మీరు చేయొద్దు, గొంతులోకి పోతుంది. టీంని పిలవండి.

చెంప, మెడ పుండులో రక్తం ఒక్కసారిగా రావడం అనేది ఉంది. రావాలని లేదు, కానీ ఇంట్లో ఒకరికి తెలిసుండాలి. ముదురు రంగు తువ్వాళ్లు, మెరూనో నల్లవో, నాలుగు మంచం కింద పెట్టుకోండి. తెల్ల దుప్పటి మీద ఎరుపు చూస్తే పేషెంటు, ఇంట్లోవాళ్లు ఇద్దరూ హడలిపోతారు. పక్కకు తిప్పి పడుకోబెట్టి తువ్వాలుతో అదిమి పట్టండి. కొద్దిగా ఊరే రక్తానికి ట్రానెక్సమిక్ గోలీ పొడి కట్టులో పెడతాం. పెద్దగా వస్తే వాడటానికి నిద్రమందు డాక్టరు ముందే రాసిపెట్టాలి, ఆ సంగతి హోంకేర్ టీంని మొదటి విజిట్‌లోనే అడగండి.

#11 చుట్టపొగ_సిక్కోలు
నర్సమ్మా, పంచె చింపమన్నారు గానీ మా వైపు ముసలాళ్లు పంచె ఇమ్మంటే ప్రాణం ఇమ్మన్నట్టు చూస్తారు. పోనీ పాత నేత చీర పనికొస్తుందా?

#12 ఆలన_బండి_నర్సు
@చుట్టపొగ_సిక్కోలు కాటన్ అయితే చాలు బాబూ. జరీ అంచు కత్తిరించెయ్యండి.

#13 బోడుప్పల్_కిరాయిదారు
అందరికీ చాలా థాంక్స్. ఎం.ఎన్.జె. పోతున్న. ఓనర్ సంగతి ఎవరూ చెప్పలే. హాస్పిస్‌ల చేర్చుడు మంచిదా, లాస్టుల తీస్కపోతే తీసుకుంటరా?

#14 కోఠి_ఫైళ్లు
లాస్టుల తీస్కపోదాం అనుకునుడే పెద్ద ప్రమాదం తమ్మీ. ఆఖరి గంటల్ల అంబులెన్సు ఎక్కిస్తే సగంమంది దారిల పోతరు. క్యాజువాలిటీ కాడికి పోయేసరికి అప్పటికే ప్రాణం లేదని రాస్తరు. ఆ డాక్టర్‌కు పేషెంట్ ఎవరో తెల్వది, పోలీసులకు చెప్తడు, బాడీ మార్చురీకి పోతది, పోస్టుమార్టం మాట కూడా వస్తది. అంటే ఓనర్‌కు భయపడి ఇంట్ల వద్దనుకున్న పాపానికి ఆఖరికి మార్చురీ కాడ నిలబడాలె.
యాడికి కదిలినా డిశ్చార్జి సమ్మరీ, హోంకేర్ వాళ్లు రాసిన కాగితం ప్లాస్టిక్ కవర్ల పెట్టుకొని సంకల ఉంచుకో. అవి ఉంటే క్యాజువాలిటీ డాక్టర్ కూడా నెమ్మదిస్తడు.

#15 ఆలన_బండి_నర్సు
హాస్పిస్ అంటే ఆఖరి రెండు రోజులకు తీసుకెళ్లే చోటని మనవాళ్ల లెక్క. అక్కడ చేసేది నొప్పి, పుండు, ఊపిరి అదుపులోకి తేవడం. పది పదిహేను రోజులు ఉంచుకుని కుదిరాక ఇంటికి పంపేవీ ఉన్నాయి, చివరిదాకా ఉంచేవీ ఉన్నాయి. హైదరాబాద్‌లో ఖాజాగూడ స్పర్శ్ హాస్పిస్ బంజారాహిల్స్ రోటరీ వాళ్లు 2011లో మొదలుపెట్టింది, పేషెంటు దగ్గర డబ్బు తీసుకోరు. జిల్లాల్లో అయితే ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాల్లో కొన్ని పడకలుంటాయి, అక్కడి నుంచే పేషెంట్లను ఇంటికెళ్లి చూసే ఆలన బళ్లు ఊళ్లకు వెళ్తాయి. చేవెళ్లలో మొదలైంది ఈ పని.
పడక ఖాళీ ఏ రోజుకా రోజు తేలుతుంది. అందుకే ఇప్పుడే ఓపీలో పేరు రాయించి, హోంకేర్ కూడా పెట్టించుకోండి. ఒకే ఫైలు మీద రెండూ నడిస్తే కష్టమొచ్చిన రోజు కొత్తగా కథంతా చెప్పక్కర్లేదు. చేర్చే ముందు మూడు విషయాలు అడగండి: అటెండరు రాత్రి ఉండాలా, గొట్టం పేషెంటును తీసుకుంటారా, రాత్రిపూట డాక్టరు ఉంటారా ఫోన్లోనా. కొన్నిచోట్ల క్యాన్సర్ కాని జబ్బులను తీసుకోరు, అది మీకు అడ్డు కాదు.

#16 మణికొండ_టెకీ
ఓనర్లు అలా అనడానికి చట్టంలో హక్కే లేదు. అగ్రిమెంట్లో రాసుందా? నోటీసు ఇవ్వాలి అలాంటివాళ్లకి.

#17 కోఠి_ఫైళ్లు
@మణికొండ_టెకీ నోటీసు ఇచ్చి, వాయిదాలు నడిపి... ఆ పెద్దాయనకు అంత టైమ్ ఉందా భయ్యా?
ఓనర్ భయం చావు గురించి కాదు. ధనిష్ఠా పంచకంలనో, ఇంకేదన్నా చెడ్డ నక్షత్రంలనో పోతే మూడు నెలలో ఆరు నెలలో ఇల్లు మూసి పెట్టాలె అంటరు, కిరాయి పోతదని భయం. కింద పోర్షన్ల వేరే కిరాయిదారులు కూడా ఖాళీ చేస్తం అంటరు. కాబట్టి మాట్లాడేటప్పుడు ఆ లెక్కే మాట్లాడాలె. శాంతి చేయించే ఖర్చు మేం పెట్టుకుంటం, ఇన్ని నెలల కిరాయి మాది, సున్నం వేయించి ఇస్తం అని నలుగురి ముందు చెప్తే చాలామంది మెత్తబడతరు. ఇంట్ల ఆడవాళ్లతోని మాట్లాడిపించు, ఇంకా జల్ది అయితది. అయినా ఒప్పుకోకపోతే సొంతూరు ఇల్లో, హాస్పిస్సో ఇప్పుడే ఖాయం చేసుకో, మనిషి ఇంకా కూసోగలిగినప్పుడే మార్చు.

#18 ఆలన_బండి_నర్సు
సొంతూరు వెళ్లేటట్టయితే మార్ఫిన్ రెండు వారాలది చేతిలో పెట్టుకుని, ఆ జిల్లా పాలియేటివ్ కేంద్రానికి ఇక్కడి నుంచి రెఫరల్ కాగితం రాయించుకుని కదలండి. ఊరు చేరాక వెతుక్కుందాం అనుకుంటే మళ్లీ #1 దగ్గర మొదలు.

#19 కోజికోడ్_తెలుగోడు
ఇక్కడ కేరళలో ఇంత గోల ఉండదు. 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో చిన్న క్లినిక్‌గా మొదలైంది, 2008లో రాష్ట్రం పాలసీ చేసింది. ఇప్పుడు పంచాయతీ డబ్బుతో నర్సు ఇంటికొస్తుంది, వీధిలో వాలంటీర్లు ముందే పేషెంటు పేరు రాసి ఉంచుతారు. తెలంగాణలో అంతా జిల్లా ఆస్పత్రి బండి మీద పెట్టారు, అదే తప్పు. ఒక బండి జిల్లా మొత్తం ఎలా తిరుగుతుంది?

#20 ఆలన_బండి_నర్సు
@కోజికోడ్_తెలుగోడు బండి ఎక్కి చూస్తే తెలుస్తుంది. రోజుకు ఆరేడు ఇళ్లకు మించి కుదరదు, ఒక్కో ఇంట్లో కట్టు మార్చి, గొట్టం చూసి, ఇంట్లోవాళ్లకు నేర్పేసరికి ముప్పావు గంట. మిగతాదంతా రోడ్డు మీదే. అది ఒప్పుకుంటా. కానీ వాలంటీర్లు మార్ఫిన్ రాయలేరు. డాక్టరు, మందు, బండి ఒకచోట ఉండటం వల్లే మా దగ్గర మొదటి రోజే మార్ఫిన్ ఇంటికి చేరుతోంది. వాలంటీర్లు ఉంటే నాకూ సగం పని తప్పుతుంది, కాదనను. ఆశా వర్కర్లకు నేర్పితే పక్క తిప్పడం, నోరు శుభ్రం చూసుకుంటారు, వాళ్ల మీద ఇప్పటికే పద్దెనిమిది పనులున్నాయి.

#21 కోజికోడ్_తెలుగోడు
మార్ఫిన్ సంగతి ఒప్పుకుంటున్నా. ఇక్కడ కూడా అది డాక్టరు క్లినిక్ నుంచే వస్తుంది. నేనన్నది మనిషిని ముందే కనిపెట్టడం గురించి. బోడుప్పల్ అన్న ఇన్నాళ్లూ ఒక్కడే ఎందుకు తిరిగాడు?

#22 డల్లాస్_బావ
అమెరికాలో మెడికేర్ (పెద్దవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉంటే హాస్పిస్‌కి జేబులోంచి దాదాపు ఏం పడదు. ఆర్నెల్ల కంటే ఎక్కువ బతకరని ఇద్దరు డాక్టర్లు రాయాలి, మొదట తొంభై రోజులు, మళ్లీ తొంభై, ఆ తర్వాత అరవై అరవై చొప్పున పొడిగిస్తూ పోవచ్చు. మంచం, ఆక్సిజన్, మందుల డబ్బా ఇంటికే వస్తాయి. ఎక్కువమంది ఇంట్లోనే ఉంటారు.
కానీ మన తల్లిదండ్రులను విజిటర్ వీసా మీద తెచ్చుకున్నవాళ్లకు ఇది వర్తించదు. గ్రీన్ కార్డు వచ్చినా 65 దాటి, ఐదేళ్లు వరసగా ఉంటేనే మెడికేర్ కొనుక్కోవచ్చు. ట్రావెల్ ఇన్సూరెన్సువాళ్లు పాత జబ్బు అంటారు. జబ్బు ముదిరాక ఇక్కడికి తెచ్చుకుందాం అనుకునేవాళ్లు టికెట్ కొనకముందే ఆలోచించుకోండి.

#23 చుట్టపొగ_సిక్కోలు
బావగారూ, వచ్చేటప్పుడు ఆ మందుల డబ్బా ఒకటి పట్రండి.

#24 డల్లాస్_బావ
@చుట్టపొగ_సిక్కోలు ఎయిర్‌పోర్టులో నన్నే పట్టుకుంటారు అల్లుడూ.

#25 ఉప్పాడ_నీలాంబరి
గొట్టం ఉన్న మనిషికి ఏం పెట్టాలో కూడా చెప్పండి. రాగిజావ పోస్తే పూడుకుపోయిందని ఊళ్లో చాలామంది అంటారు.

#26 ఆలన_బండి_నర్సు
రాగిజావ పోయొచ్చు, పల్చని గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. ఒక్కోసారి 200 మిల్లీలీటర్లు, రెండు మూడు గంటలకోసారి. పోసే ముందు సిరంజితో లాగి చూడండి, పాత తిండి చాలా మిగిలి ఉంటే ఇంకో గంట ఆగండి. తల, ఛాతీ ఎత్తి కూర్చోబెట్టి పోసి, అయ్యాక అరగంట పైనే అలాగే ఉంచాలి, పడుకోబెడితే ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. ముందూ వెనకా 30 మి.లీ. నీళ్లు. ప్రతి మందుకూ విడిగా నీళ్లు, అన్ని గోలీలూ ఒకే గ్లాసులో కలపొద్దు. పూడితే గోరువెచ్చని నీళ్లు సిరంజితో మెల్లగా తోసి, లాగి, తోసి చూడండి. చీపురుపుల్ల, తీగ లోపలికి పెట్టొద్దు. గొట్టం మీద ముక్కు దగ్గర పెన్నుతో గీత గీసి ఉంచండి. గీత బయటికి జరిగితే ఏమీ పోయకండి, ఫోను చేయండి.

#27 నొప్పి_డాక్టరు
చివరి వారంలో పొట్ట తీసుకోదు. పోసినది వెనక్కి వస్తుంది, కాళ్లు ఉబ్బుతాయి, గొంతులో గురగుర పెరుగుతుంది. ఆకలితో పోతున్నారని కాదు, ఒళ్లు ఆగిపోతోంది కాబట్టి ఆకలి పోతోంది. అప్పుడు తగ్గించాలి, టీంని అడిగి ఆపాలి. ఈ సంగతి చెప్పడమే ఇంట్లో అన్నిటికంటే కష్టం, ముఖ్యంగా దూరం నుంచి విమానం దిగి వచ్చిన కొడుకులకి. గురగుర శబ్దానికి సక్షన్ (మెషీన్‌తో లాగడం) పెట్టించకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి. గ్లైకోపైరోలేట్, బస్కోపాన్ ఇంజెక్షన్లు చర్మం కింద ఇస్తారు. గొట్టంలోంచి కూడా మందు పోనప్పుడు మార్ఫిన్ కూడా సన్న సీతాకోక సూదితో చర్మం కిందే వెళ్తుంది. నోటి డోసులో మూడో వంతు చాలు.

#28 ఉప్పాడ_నీలాంబరి
మరి తులసి తీర్థం? చుట్టాలు ఒక్కొక్కరూ వచ్చి చెంచాతో పోస్తారు, వద్దంటే గొడవైపోతుంది.

#29 ఆలన_బండి_నర్సు
@ఉప్పాడ_నీలాంబరి వద్దనక్కర్లేదు అక్కా. చెంచా తీసేసి మెత్తటి గుడ్డ ముక్కో స్పాంజి పుల్లో ఆ తీర్థంలో ముంచి, పిండి, పెదాల మీద, నాలుక మీద అద్దమనండి. అందరి తృప్తీ తీరుతుంది, మనిషి ఉక్కిరిబిక్కిరి కాడు. ఎలాగూ రెండు గంటలకోసారి నోరు తడపాలి కదా, ఆ పని చుట్టాలకు అప్పజెప్పినట్టూ ఉంటుంది. ఆక్సిజన్ నడుస్తుంటే తల దగ్గర దీపం మాత్రం పెట్టనివ్వొద్దు. దీపం పక్క గదిలో. పెదాలకు వాసెలీన్ కూడా ఆక్సిజన్ ఉన్నప్పుడు వద్దు, నీళ్ల ఆధారంగా చేసిన జెల్ రాయండి.

#30 కోఠి_ఫైళ్లు
ఇంట్ల పోతే కాగితాలు: హోంకేర్ డాక్టరో, చూస్తున్న డాక్టరో మరణ కారణం ఫారం 4ఏ రాసి ఇస్తడు. దవాఖానల, హాస్పిస్‌ల పోతే వాళ్లే ఫారం 4 పంపుతరు. శ్మశానం రసీదు, ఆధార్‌లు కలిపి మున్సిపల్ సర్కిల్ ఆఫీసుల 21 రోజుల లోపల రాయించాలె. దాటితే ఫీజు, నెల దాటితే అధికారి అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ దాకా పోవాలె. పేరు స్పెల్లింగ్ ఆధార్‌ల ఎట్లుందో అట్లనే రాయించు. పింఛన్, బ్యాంకు, ఎల్‌ఐసీ అన్నిటికాడ ఆ ఒక్క అక్షరమే పట్టుకుంటరు.
జబ్బుతోని ఇంట్ల పోతే పోలీసుల అవసరం లేదు. ఎవరన్నా బెదిరిస్తే భయపడకు.

#31 నొప్పి_డాక్టరు
ఒకటి చేర్చండి. ఒంట్లో పేస్‌మేకర్ ఉంటే దహనానికి ముందు తీయించాలి, మంటలో పేలుతుంది. ప్యాచ్ ఉంటే తీసెయ్యాలి. నేత్రదానం ఇష్టమైతే ఆరు గంటల లోపు. రక్త క్యాన్సర్లు కాకపోతే క్యాన్సర్ పేషెంటు కూడా సాధారణంగా ఇవ్వొచ్చు, తీసుకోవాలా వద్దా అన్నది ఐ బ్యాంకు తేలుస్తుంది. కళ్లు మూసి తడి దూది పెట్టి, ఫ్యాను ఆపి, తల కింద దిండు ఉంచి, ఎల్.వి.ప్రసాద్ ఐ బ్యాంకుకు ఫోన్ చేస్తే ఇంటికే వస్తారు.

#32 మోడరేటర్
డోసులు చదివి సొంతంగా వైద్యం చేయకండి. ఫోన్ నంబర్లు పెట్టిన రెండు పోస్టులు తీసేశాం. "క్యాన్సర్ నయం చేసే కషాయం" పోస్టు కూడా.

#33 చుట్టపొగ_సిక్కోలు
కషాయం పోస్టు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నా, వచ్చి వెళ్లిపోయినట్టుంది.

#34 బోడుప్పల్_కిరాయిదారు
ఎం.ఎన్.జె.ల చూపించినం. మార్ఫిన్ సగం గోలీ నాలుగు గంటలకోసారి, రాత్రి పదికి ఒకటి, పికోసల్ఫేట్ సిరప్, మెట్రోనిడజోల్ పొడి. హోంకేర్‌కు పేరు రాసుకున్నరు. ఓనర్ ఆంటీతోని అమ్మ మాట్లాడింది, మూడు నెలల కిరాయి, శాంతి మేమే అన్నం, చూద్దాం అన్నది. మంచం మీద పడుకొని పడుకొని పుండ్లు పడకుండ వాటర్‌బెడ్ కొనమని బావ అంటుండు, ఎయిర్‌బెడ్ అని షాపోడు అంటుండు. ఏది?

#35 ఆలన_బండి_నర్సు
గాలి పరుపు, గదులు మార్చి మార్చి ఉబ్బే రకం. కొనకండి, అద్దెకు దొరుకుతుంది. పంపు మీద బరువు నాబ్ నాన్నగారి బరువుకు పెట్టండి, ఎక్కువ పెడితే చెక్కబల్లలా గట్టిపడుతుంది. పైన ఒక్క పల్చని కాటన్ దుప్పటే, బొంత పరిస్తే పరుపు ఉండీ లేనట్టే. పరుపు అడుగున, నడుము కిందకు చెయ్యి పెట్టి చూడండి, వేళ్లకు ఎముక తగిలితే గాలి చాల్లేదు. పరుపు ఉన్నా రెండు గంటలకోసారి పక్క తిప్పాల్సిందే. వీపు వెనక దిండు పెట్టి కొద్దిగా వాలిస్తే చాలు, పూర్తి పక్కకి వద్దు. ఎర్రబడిన చోట నూనె మర్దనా చేయొద్దు, రబ్బరు రింగు పెట్టొద్దు. కరెంటు పోతే గాలి దిగకుండా ట్యూబు మడిచి రబ్బరు బ్యాండు వెయ్యండి. పంపును మంచం కాళ్లవైపు తగిలించండి, తలవైపు పెడితే ఆ గుర్రుమనే చప్పుడుకు నిద్రపట్టదు.

#36 బోడుప్పల్_కిరాయిదారు
సరే అక్కా, కిరాయికే తెస్త. నాబ్ మీద కిలోలు లేవు, 1 నుంచి 5 దాకా అంకెలే ఉన్నయంటుండు షాపోడు. నాన్న 44 కిలోలు.

#37 ఆలన_బండి_నర్సు
2 మీద పెట్టి, పడుకోబెట్టి పది నిమిషాలాగి చెయ్యి పెట్టి చూడండి. ఎముక తగిలితే 3.